పెద్దావిడ నంబరు

మా హ్యాంగర్లో ఒకే యజమానివి రెండు విమానాలుండేవి. రెండూ ఒకే అచ్చు, పేషెంట్లను మోసే చిన్న విమానాలు. ముందు కొన్నదాన్ని పెద్దావిడ అనేవాళ్లం, తర్వాత వచ్చినదాన్ని చిన్నావిడ. ఇద్దరు పెళ్లాలున్న కొంపలో లాగానే, పెద్దావిడకి ఏదన్నా కొంటే చిన్నావిడకీ కొనాల్సిందే. ఆ ముక్క యజమాని ఎదురుగా ఎవరూ అనలేదనుకో.

పెద్దావిడను నడిపేది మీ నాన్న. చిన్నావిడకి శాటిలైట్ బాక్సు బిగించే పని మీ అమ్మది. నేను ఆ హ్యాంగర్లో రేకు పని చేసేవాణ్ణి. అల్లుడు పైలట్, కూతురు ఇంజనీరు, మామ చిల్లులు పొడిచేవాడు అని అందరూ ఎగతాళి చేసేవారు. నాకేం కోపం లేదు. ఆ చిల్లు లేకపోతే వాళ్ల బాక్సెందుకు?

ఆ బాక్సు సంగతి ముందు చెప్తాను. రేడియో మాట కొండ దాటదు. మన విమానాలు వెళ్లేవేమో కొండల అవతల ఊళ్లకి. అందుకని కింద కంట్రోల్ రూములో ఒకమ్మాయి కూర్చుని టైపు చేస్తే, ఆ మాట ఆకాశంలో ఉన్న ఉపగ్రహానికి వెళ్తుంది. అక్కణ్ణుంచి విమానం నెత్తిమీదున్న యాంటెన్నాలో పడి, పైలట్ ముందున్న చిన్న తెర మీద అక్షరాలుగా కనబడుతుంది. ఉపగ్రహానికి మొహాలు తెలియవు. ప్రతి విమానానికీ ఒక నంబరుంటుంది. ఆ నంబరు ఏ బాక్సులో ఉంటే ఆ బాక్సే ఆ విమానమనుకుంటుంది.

చిన్నావిడ కోసం చెప్పిన కొత్త బాక్సు రాలేదు. ఇదిగో అదిగో అంటున్నారు. స్టోర్సులో పెద్దావిడకని కొని ఉంచిన స్పేరు బాక్సొకటి ఉంది. ఎప్పుడన్నా పెద్దావిడ బాక్సు మొండికేస్తే దీన్ని తోసేసి పంపించెయ్యడానికి, పెద్దావిడ నంబరు అందులో ముందే ఎక్కించి పెట్టేవాళ్లు. మా హ్యాంగరు అలవాటది. మేనేజరు వచ్చి, “ప్రస్తుతానికి అదే పెట్టెయ్యమ్మా, నంబరు మార్చుకుంటే సరిపోలా?” అన్నాడు. సరిపోతుంది. అందులో తప్పేం లేదు.

మీ అమ్మ పని పద్ధతి ఒకటుంది. విమానం హ్యాంగర్లో రేకుల కప్పు కింద ఉండగానే నంబరు ఎక్కించేది. రేకుల కింద ఉన్నంతసేపు బాక్సుకి ఆకాశం కనబడదు, అంటే అది మూగది. ఎవరితోనూ మాట్లాడదు. నంబరు సరిగ్గా పడిందని రెండుసార్లు చూసుకున్నాకే విమానాన్ని బయటికి తియ్యనిచ్చేది.

నేను విమానం నెత్తిమీద చిల్లులు వేసి, లోపలి వైపు పట్టీ రేకు కొట్టి, యాంటెన్నా కూర్చోబెట్టి, నీళ్లు దిగకుండా చుట్టూ సీలెంట్ పూశాను. బంగారంలాంటి విమానానికి మాడు మీద చిల్లు పెట్టడమంటే చెయ్యి ఊరికే ఆడదు. రివెట్లు కొట్టినంతసేపూ ఊపిరి బిగబట్టుకున్నాను. మీ అమ్మ వైర్లన్నీ లాగి, బాక్సుని రాకు అనే ఇనుప అరలో బిగించి, దానికి కరెంటిచ్చే బ్రేకరు నొక్కి, కంప్యూటరు తగిలించింది. నంబరు మార్చడమొకటే మిగిలింది.

అప్పుడు మేనేజరు లోపలికొచ్చాడు. వేరేవాళ్ల విమానం ఒకటి చక్రం దగ్గర నూనె కార్చుకుంటూ వాకిట్లో నిలబడిందట. దాన్ని లోపల పెట్టాలి, చిన్నావిడని బయటికి తియ్యమన్నాడు.

“కాసేపాగండి సార్, నంబరు ఎక్కించేస్తాను,” అంది మీ అమ్మ.

“బయట ఎక్కించుకోమ్మా. అక్కడ నూనె ధారగా పోతోంది. ఎవడన్నా జారి పడితే నా మెడకి చుట్టుకుంటుంది.”

ట్రాక్టరు డ్రైవరు అప్పటికే చిన్నావిడ ముక్కుకి కడ్డీ తగిలించేశాడు. వాణ్ణి మేమంతా గుర్రం అనేవాళ్లం. నిలబడమంటే కాళ్లు దురద వాడికి.

“ఎక్కక్కా, ఊరేగిస్తా. బాబాయ్, నువ్వూ ఎక్కు, బ్రేకు మీద కాలెయ్యి,” అన్నాడు.

మీ అమ్మ ఒడిలో కంప్యూటరు పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు కూర్చుని బ్రేకు దగ్గర కాలు పెట్టాను. లాగేటప్పుడు టవరుతో మాట్లాడాలి కాబట్టి బ్యాటరీ ఆన్ చేశాం. రోజూ చేసేదే. బాక్సు బ్రేకరు నొక్కి ఉందన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

బయటికొచ్చాం. పొద్దుటి ఎండ. గుర్రం తీసుకెళ్లి కంచె పక్కన ఆపాడు. ఆపీ ఆపగానే, ఉపగ్రహం అందినట్టు ముందు తెర మీద పచ్చ దీపం వెలిగింది.

“నాన్నా, పట్టింది!” అని మీ అమ్మ సీట్లోంచి లేచి నిలబడింది. తల పైకప్పుకి కొట్టుకున్నా లెక్కచెయ్యలేదు. “చూడు చూడు, ఎంత గట్టిగా పట్టిందో! ఒక్క దెబ్బకి! నీ చిల్లు భలే చిల్లు నాన్నా!”

నా మొహం చేటంత అయింది, దాచేదేముంది. గుర్రం కిటికీలోంచి తల పెట్టి, “అయితే టీ ఎవరు పోయిస్తున్నారు?” అన్నాడు.

ఆ సంబరంలో ఉండగానే తెర టింగుమంది. అక్షరాలు వచ్చాయి. నాకు ఆ ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడానికి తెల్లారుతుంది. మీ అమ్మ నా భుజం మీంచి వంగి చదివింది. “అక్కడ రన్‌వే మీద నీళ్లు నిలిచాయి. దిగొద్దు. కొండ దాటకముందే తిరగండి.”

గుర్రం పడీపడీ నవ్వాడు. “ఇదెక్కడి గోల! మేం హ్యాంగరే దాటలేదు, కొండెక్కడ దాటుతాం తల్లీ?”

మీ అమ్మ కూడా నవ్వింది. “కంట్రోల్ రూము పిల్ల టెస్టుకి పంపినట్టుంది. దానికి వేళాకోళం ఎక్కువ,” అంది.

నేనూ నవ్వబోయాను. మీ అమ్మ వైపు చూశాను. నవ్వుతున్న మొహం నవ్వుతున్నట్టే ఆగిపోయింది.

“ఆయనది,” అంది.

“ఏంటమ్మా?”

“ఇది ఆయనకొచ్చింది నాన్నా. ఈ బాక్సులో పెద్దావిడ నంబరుంది. నేనింకా మార్చలేదు.”

మీ నాన్న పొద్దున్నే నర్సుని ఎక్కించుకుని, కొండ అవతల ఊళ్లో ఎవరికో గుండె నొప్పొస్తే తీసుకురావడానికి వెళ్లాడు. కొండ దాకా వెళ్లినా అటునుంచి ఇటు తిరిగి రావడానికి పెట్రోలు సరిపోతుంది. కొండ దాటి ఆ లోయలోకి దిగాడంటే మళ్లీ పైకెక్కి రావడానికి చాలదు, అక్కడ దిగి పీపాల్లోంచి పోయించుకుని రావాల్సిందే. రన్‌వే మునిగిందంటే దిగేది నీళ్లలోకే. పైనుంచి చూసేవాడికి మోకాలి లోతు నీళ్లయినా వాన తడిలాగే మెరుస్తుంది. తేడా చక్రం తగిలాకే తెలుస్తుంది.

గుర్రం గబుక్కున లోపలికి చెయ్యి పెట్టాడు. “ఆపేస్తానక్కా, బ్యాటరీ తీసేస్తా!”

“ముట్టుకోకు!” మీ అమ్మ వాడి మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి, వాడు తర్వాత నాకు చూపించాడు.

ఎందుకు ఆపకూడదో నాకు తర్వాత తీరిగ్గా చెప్పింది. నాకర్థమైన పద్ధతిలో చెప్తాను. ఒకే డోరు నంబరు రెండిళ్లకి రాశారనుకో. పోస్టుమాన్ ఏ ఇంటివాళ్లు ఆఖర్న తలుపు తీశారో ఆ ఇంటికే ఉత్తరాలు తెచ్చిస్తుంటాడు. మనం పచ్చ దీపం వెలిగించడమంటే తలుపు తియ్యడమన్నమాట. ఆ క్షణాన మీ నాన్న తలుపు మూతపడిపోయింది. ఇప్పుడు మనం చెప్పాపెట్టకుండా తాళమేసుకుని పోతే పోస్టుమాన్‌కి తెలియదు. చాలాసేపటి దాకా మన గుమ్మం దగ్గరే తలుపు బాదుతుంటాడు. అందుకని, మేం ఇల్లు ఖాళీ చేస్తున్నామని వాడితో చెప్పి మరీ పోవాలి. అప్పుడుగానీ రెండో ఇంటి తలుపు తెరుచుకోదు.

“నాన్నా, కంట్రోల్ రూముకి ఫోన్ చెయ్యి. రేడియోలో పిలవమను,” అంటూ మీ అమ్మ కంప్యూటరు మీద పడింది.

జేబులోంచి ఫోను తీశాను. కంట్రోల్ రూముకి కలిపాను.

“చెప్పండి బాబాయ్ గారూ,” అంది ఆ పిల్ల. నవ్వుతూనే ఉంది.

“అమ్మా, అల్లుడికి ఇప్పుడో కబురు పంపావు కదా...”

“ఆ, నీళ్ల సంగతేగా? పంపేశానండీ. అందినట్టు టిక్కు కూడా వచ్చేసింది. ఈపాటికి తిరిగే ఉంటారు, మీరేం కంగారు పడకండి.”

“అందింది మాకమ్మా!”

ఆ పక్కన నవ్వు ఆగిపోయింది.

చెప్పాల్సింది చెప్పాను. సరిగ్గా చెప్పానో లేదో తెలియదు. ఆ పిల్ల మాత్రం ఒక్క మాట కూడా మళ్లీ అడగలేదు. ఫోను పెట్టెయ్యకుండానే రేడియో అందుకుంది. మీ నాన్నని పిలవడం నాకు వినబడుతూనే ఉంది. పిలిచింది, ఆగింది, పిలిచింది. జవాబు లేదు. ఆ దారిలో పోయే పెద్ద విమానాలేమన్నా ఉంటే కబురందించమని అడిగింది. గరగర తప్ప ఇంకేం లేదు.

ఇక్కడ మీ అమ్మ ఇల్లు ఖాళీ చేసే మీట నొక్కింది. బాక్సు ఒప్పుకోలేదు.

“ఏమంటోంది?”

“ఇంకేదో దిగుతోందంట, అది అయ్యేదాకా ఆగమంటోంది. అక్కడి వాతావరణం కాగితం. పెద్దది. అదీ ఆయనదే.” పళ్ల మధ్య నుంచి మాట్లాడుతోంది. “దిగు. దిగవే. దిగి చావు.”

తెర మీద అక్షరాలు ఒక్కో వరసే వస్తున్నాయి. మీ నాన్న చదువుకోవాల్సినవన్నీ మా కాళ్ల దగ్గర కుప్ప పోసినట్టుంది. నేను బ్రేకు మీద పెట్టిన కాలు ఇంకా తియ్యలేదు. విమానం ఎక్కడికీ పోదని తెలిసినా తియ్యలేకపోయాను.

అప్పుడొచ్చాడు మేనేజరు. కిందనే నిలబడి, “ఏమ్మా, దీపం వెలిగిందట! ఒరే గుర్రం, మొహం ఏంటలా పెట్టావు? సాయంత్రానికి చిన్నావిడని అప్పజెప్పేద్దామా?” అన్నాడు.

గుర్రం ఆయన దగ్గరికి వెళ్లి చెవిలో సంగతి చెప్పాడు.

అక్షరాలు ఆగాయి. మీ అమ్మ మళ్లీ మీట నొక్కింది. ఈసారి పచ్చ దీపం కాసేపు వెలుగుతూ ఆరుతూ ఆడింది, తర్వాత ఆరిపోయింది. మీ అమ్మ వెంటనే బ్రేకరు లాగేసింది. అది చాలదన్నట్టు రాకు దగ్గరికి పాకి, యాంటెన్నా వైరు మర చేత్తోనే విప్పేసింది. ఆ వైరు కొనని గుప్పిట్లో బిగించుకుని విమానం నేల మీద కూలబడింది.

“మనం తప్పుకున్నాం,” అంది. “ఇంక పెద్దావిడ బాక్సు తనంతట తను తలుపు తియ్యాలి.”

“ఎప్పుడు తీస్తుంది?”

“దాని ఇష్టం నాన్నా. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎంతసేపటికోసారో నాకు తెలుసు. కానీ ఇందాక ఎప్పుడు ప్రయత్నించిందో తెలియదు కదా.”

“ఆయనకి బాక్సు పనిచెయ్యట్లేదని తెలియదా? తిరిగి రాడా?”

“అది రోజూ కొండల దగ్గర పోతుంది, వస్తుంది. మళ్లీ వస్తుందిలే అనుకుంటారు. ఇన్నాళ్లూ వచ్చేది కూడా.” ఆ ఆఖరు మాట నాతో అన్నట్టు లేదు.

ఫోను స్పీకరులో పెట్టి సీటు మీద ఉంచాను. ఆ పిల్ల అవతల ఊపిరి తీసుకోవడం వినబడుతోంది. మధ్యమధ్య, “ఇంకా లేదక్కా,” అంటోంది. మీ అమ్మ “ఊఁ” అంటోంది. ఒకసారి ఆ పిల్ల ఏడుపు గొంతుతో, “నేను టిక్కు చూసి ఊరుకున్నానక్కా,” అంది. “నువ్వు ఊరుకో. తెర వైపు చూడు,” అంది మీ అమ్మ.

మేనేజరు మెట్టు మీద కాలు పెట్టి లోపలికి తొంగిచూశాడు. పాపం ఆయనకీ చెమటలు పట్టేశాయి. “అమ్మాయ్, ఏమీ అవదులే. మనవాడు గట్టివాడు. అయితే ఒక మాట. ఇది మనలో మనకే ఉండనీ. పెద్దావిడ బాక్సు చెడిపోయిందని చెబుదాం. బాక్సే కదా, దానికి నోరుందా?”

మీ అమ్మ తలెత్తి చూసింది. “సార్, మీరు కాస్త అవతలికి జరగండి. ఫోను వినబడట్లేదు.”

ఆయన జరిగాడు.

అల్లుడు ఆ కొండ గురించి నాకెన్నోసార్లు చెప్పాడు. రెండు శిఖరాల మధ్య జీను లాంటి సందు ఉంటుంది, దాంట్లోంచి దూరి పోవాలి, దూరాక లోయ ఒక్కసారిగా కిందికి పడిపోతుందని చెప్పేవాడు. నేనెప్పుడూ చూడని ఆ సందు ఆ పొద్దున నా కళ్లకు కట్టింది. చిన్న తెల్ల విమానం దాని వైపు పోతోంది. దేవుడా, ఎదురుగాలి కొట్టించు, ఇంకాస్త నెమ్మదిగా పోనీ అనుకున్నాను. ఎదురుగాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ తాగుతుందని గుర్తొచ్చి, వద్దులే తండ్రీ అనుకున్నాను. ఏం కోరుకోవాలో కూడా తెలియలేదు.

“వచ్చింది!” ఫోనులో ఆ పిల్ల అరిచింది. “అక్కా, పెద్దావిడ వచ్చింది! పంపుతున్నా... పంపేశా. అక్కా, టిక్కు వచ్చింది! అందింది!”

గుర్రం గాల్లోకి గుద్దు విసిరాడు. మేనేజరు రెండు చేతులూ జోడించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మీ అమ్మ మాత్రం కదల్లేదు.

“టిక్కు నాకొద్దు,” అంది.

“అక్కా, వచ్చిందక్కా, నిజంగా...”

“ఇందాకా వచ్చింది టిక్కు. అది బాక్సు పెట్టేది. మనిషి పెట్టేది కాదు. ఆయన ఇంకెటో చూస్తుండొచ్చు. నువ్వు ఒక ప్రశ్న పంపు. బాక్సుకి జవాబు తెలియని ప్రశ్న.”

“ఏం అడగను?”

మీ అమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. “నర్సు పక్క సీట్లో కూర్చుందా, వెనకా? అడుగు.”

అడిగింది. అప్పటిదాకా ఉన్నదంతా ఒక ఎత్తు, ఆ కాసేపు ఒక ఎత్తు. కంచె అవతల ఎవరో ఇనుప గేటు తోస్తున్నారు, కిర్రుమంటోంది. ఎవడ్రా వాడు అని తిట్టాలనిపించింది.

“రాశారు,” అంది ఆ పిల్ల. చదివింది. “నర్సు వెనక నిద్రపోతోంది. తిరిగాను. ఇటుపక్క ఊళ్లో దిగుతాను. పేషెంటుని రోడ్డు మీద అక్కడికి తెమ్మనండి. ఇంతసేపూ బాక్సుకి ఏమొచ్చింది?”

మీ అమ్మ అప్పుడు గుప్పిట విప్పింది. వైరు కొన అరచేతిలో గుంట పడేలా అచ్చు దిగింది.

మేనేజరు మెల్లగా, “ఆయన బాక్సు చెడిందని రాయమను,” అన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు. “నీ మంచికే చెప్తున్నానమ్మా. నీ లైసెన్సు పోతుంది.”

మీ అమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. “రాసుకో. నీ నంబరుతో నేను ఇక్కడ బాక్సు వెలిగించాను. నీ కబురు నేను చదివాను. నాదే తప్పు. అంతే పంపు.”

“అక్కా, ఇప్పుడే ఎందుకు, దిగాక...”

“ఇప్పుడే. ఆ బాక్సు మంచిదేనని ఆయనకి తెలియాలి. చెడిందనుకుంటే దాని మాట ఇంక నమ్మరు. ఇంకా గాల్లోనే ఉన్నారు.”

పంపింది. చాలాసేపటికి జవాబొచ్చింది. “సరే” అని ఒక్క ముక్క. ఆ సరేలో ఏముందో ఎవరికీ తెలియలేదు. మీ అమ్మ ఆ రోజంతా దాన్నే తిప్పితిప్పి చూసుకుంది.

గుండె నొప్పి వచ్చినాయన్ని జీపులో ఇటు ఊరికి తెచ్చారు. ఆలస్యమైంది, కానీ బతికాడు. చిన్నావిడని మళ్లీ రేకుల కిందికి లాగించి, మీ అమ్మ అక్కడే నంబరు మార్చింది. మార్చాక తనే వెళ్లి పైవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పింది. కొన్నాళ్లు తన చేతికి కంప్యూటరివ్వలేదు. నాతో కలిసి రేకులు తుడిచింది. గుర్రం ఆ రోజుల్లో ఒక్కసారి కూడా ఎగతాళి చెయ్యలేదు. వాడి నోటికి అది పెద్ద శిక్షే.

మీ నాన్న మర్నాడు ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుని, నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మీ అమ్మ మంచినీళ్లిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది, మొహం చూడలేదు. నేను ఏదో ఒకటి మాట్లాడాలని, “బాగా దగ్గరికి వెళ్లిపోయావా బాబూ?” అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. “ఆ సందు అంచున ఒక ఇల్లుంటుంది మావయ్యా, ఒంటరి కొంప. దండెం మీద దుప్పటి ఆరేసి ఉంది. పసుప్పచ్చ దుప్పటి. నేను తిరిగేసరికి దాని మీద గళ్లు కూడా కనబడుతున్నాయి.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మీ అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తడి చేతులు తుడుచుకోలేదు, నీళ్లు నేల మీద కారుతున్నాయి.

“గళ్లా?” అంది.

“గళ్లే,” అన్నాడు మీ నాన్న. లేచి వెళ్లి ఆ తడి చేతులు రెండూ పట్టుకున్నాడు. నేను చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాను.